పక్క కర్రీ పాయింట్‌ని గమనించడం తప్పా? అమ్మకం పడిపోయింది, సలహా కావాలి

కర్రీపాయింట్_కూకట్‌పల్లి:

అందరికీ నమస్కారం. మాది కృష్ణా జిల్లా. ఆరేళ్ళుగా హైదరాబాద్ కూకట్‌పల్లిలో కర్రీ పాయింట్ నడుపుతున్నాం. వంట మా అత్తగారు, మా ఆవిడ చూసుకుంటారు, కౌంటర్లో నేనుంటాను, ప్యాకింగ్‌కి ఒక కుర్రాడున్నాడు. రోజూ ఒక పప్పు, ఒక వేపుడు, ఒక ఇగురు, పులుసు, సాంబారు, పెరుగు, ఆదివారం చికెన్. చుట్టూ హాస్టళ్ళు, అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. రూములో కుక్కర్ పెట్టుకుని కూర మాత్రం బయట తెచ్చుకునేవాళ్ళే మాకు ఆధారం.

నాలుగు నెలల క్రితం మాకు ఐదు షాపుల అవతల ఇంకో కర్రీ పాయింట్ తెరిచారు. మూల మీద షాపు, మంచి లైటింగ్, స్టీలు ట్రేలు, చూడ్డానికి బాగుంది. అప్పటిదాకా రాత్రి పూట మాకు 180 ప్యాకెట్లు పోయేవి, ఇప్పుడు 110 దాటడం లేదు. పది గంటలకి షట్టర్ వేసేటప్పుడు గిన్నెల్లో మిగిలిన కూర చూస్తే మా అత్తగారి మొహంలోకి చూడలేకపోతున్నాను. వాళ్ళ బోర్డు మీద ప్యాకెట్ 30 రూపాయలని ఉంది, మాది 40. మనమూ 30 చేసేద్దాం అంటే మా ఆవిడ ఒప్పుకోవడం లేదు, నూనె, గ్యాస్, అద్దె లెక్కేసి కాగితం మీద చూపించింది, 30కి అమ్మితే మాకు కూలి కూడా రాదు.

మా నాన్న ఫోన్‌లో ఒకటే మాట, మన వంట మనం శుభ్రంగా చేసుకోవాలి గానీ పక్కవాడి గిన్నెలోకి తొంగి చూడకూడదు అని. మా బావమరిదిది ఇంకో దారి, గూగుల్‌లో వాళ్ళ షాపుకి తెలిసినవాళ్ళతో ఒక్క స్టార్ రివ్యూలు పెట్టిద్దాం, లేదంటే వాళ్ళ వంటమాస్టర్‌కి నెలకి రెండు వేలు ఎక్కువిచ్చి మన దగ్గరికి తెచ్చేసుకుందాం అంటాడు. ఇది నాకు నచ్చలేదు. నాన్న చెప్పినట్టు కళ్ళు మూసుకుని కూర్చోవడం కూడా సరికాదనిపిస్తోంది.

పోటీవాళ్ళని గమనించడం వల్ల మనలాంటి చిన్న వ్యాపారానికి నిజంగా ఉపయోగం ఉందా? ఉంటే ఏం చూడాలి, ఎలా చూడాలి? వాళ్ళ షాపు ముందు నిలబడాలంటే సిగ్గుగా కూడా ఉంది. అనుభవం ఉన్నవాళ్ళు దయచేసి చెప్పండి.

తెనాలి_కిరాణా:

తమ్ముడూ, ముందు ఆ సిగ్గు తీసి పక్కన పెట్టు. నాది 22 ఏళ్ళ కిరాణా కొట్టు. మా ఊళ్ళో పెద్ద సూపర్ మార్కెట్ ఒకటి పెట్టినప్పుడు నేను పౌరుషానికి పోయి ఎనిమిది నెలలు దాని గడప తొక్కలేదు, ఆ వీధిలోంచి బండి మీద వెళ్తున్నా మొహం పక్కకి తిప్పుకునేవాడిని. ఆ ఎనిమిది నెలల్లో నా అమ్మకం మూడో వంతు పోయింది. చివరికి నాకు కళ్ళు తెరిపించింది మా పక్కింటావిడ తెచ్చిన బిల్లు. సరుకుల సంచీలో మర్చిపోతే మా అమ్మాయి తెచ్చి నా చేతికిచ్చింది.

ఆ బిల్లుని రాత్రి కూర్చుని లైను లైనుగా నా ధరలతో పోల్చి చూశాను. అన్నీ నాకంటే తక్కువకి ఇస్తున్నారని ఊళ్ళో అందరూ అనేవాళ్ళు, నేనూ నమ్మాను. తీరా చూస్తే తక్కువ ఉన్నవి పంచదార, కందిపప్పు, నూనె ప్యాకెట్, ఇంకో రెండు మూడు అంతే. ఆడవాళ్ళకి నోటికి ధర వచ్చే సరుకులు ఏవో వాటి మీదే తగ్గించారు. ఆవాలు, మిరియాలు, అగరుబత్తి, ఫినాయిల్, ప్లాస్టిక్ సామాను నా దగ్గర కంటే ఎక్కువే ఉన్నాయి, వాటి ధర ఎవరికీ గుర్తుండదు కదా. నేను ఎనిమిది నెలలపాటు కొట్లో ఉన్న ప్రతి సరుకు మీదా అర్ధా రూపాయీ తగ్గిస్తూ పోయాను, అదంతా వృథా. మర్నాటి నుంచి ఆ నాలుగైదు సరుకులు మాత్రం వాళ్ళ ధరకే పెట్టి బయట పలక మీద సుద్దముక్కతో రాశాను, మిగతావి మామూలు ధరకి తెచ్చేశాను.

తర్వాత నేనే లోపలికి వెళ్ళాను. ఒకసారి కాదు, నెల రోజుల్లో ఐదారు సార్లు. బియ్యం బస్తా కొన్న ముసలాయన దాన్ని ఆటో దాకా ఎలా మోసుకెళ్ళాలో తెలియక నిలబడి ఉండటం చూశాను. పది రూపాయల జీలకర్ర అడిగిన పిల్లాడిని వంద గ్రాముల ప్యాకెట్ తీసుకోమన్నారు, వాడు తిరిగి వెళ్ళిపోయాడు. ఖాతా లేదు, నెలాఖరు దాకా ఆగడం లేదు. ఇవన్నీ నేను ఇరవై ఏళ్ళుగా చేస్తున్నవే, కానీ వాటికి విలువ ఉందని నాకు వాళ్ళ షాపులో నిలబడినప్పుడే తెలిసింది. బస్తా ఇంటికి చేర్చడం అప్పటిదాకా మొహమాటానికి చేసేవాడిని, ఆ తర్వాత బోర్డు రాసి మరీ చేశాను.

ఇది తప్పు అనుకుంటే వాల్‌మార్ట్ పెట్టిన శామ్ వాల్టన్ కూడా తప్పు చేసినట్టే. 1962లో ఆయన మొదటి వాల్‌మార్ట్ తెరిచిన ఏడాదే కేమార్ట్, టార్గెట్ కూడా మొదలయ్యాయి, ఆయన కంటే డబ్బున్నవాళ్ళవి. ఆయన ఎక్కడికి వెళ్ళినా ఎదుటివాళ్ళ షాపుల్లోకి దూరి, ధరలు, సర్దిన తీరు చూసి రాసుకునేవాడు, చిన్న టేప్ రికార్డర్ దగ్గర పెట్టుకుని అందులో చెప్పుకునేవాడు. తన మనుషులకి చెప్పింది ఏంటంటే వాళ్ళు ఏం తప్పు చేస్తున్నారో నాకు వద్దు, ఏం బాగా చేస్తున్నారో చూసి రండి అని. మనం సాధారణంగా దీన్ని తిరగేసి చేస్తాం, పక్క షాపుకి వెళ్ళి అక్కడి ఈగలు లెక్కపెట్టి తృప్తిగా ఇంటికొస్తాం.

నువ్వు చేయాల్సింది ఇది. రేపు వాళ్ళ షాపుకి మామూలుగా వెళ్ళి డబ్బులిచ్చి నాలుగు కూరలు కొనుక్కో. ఎవరని అడిగితే ఫలానా షాపు నాదే అని చెప్పు, దొంగతనంగా చేయాల్సిన పని కాదిది. ఇంటికి తెచ్చి తినకముందే తూకం వెయ్యి. ఆ తర్వాత వారం రోజులు ఒకే టైముకి, ఏడున్నరకి ఒకసారి, పదింటికి ఒకసారి అటు నడిచి వెళ్ళి ఏ గిన్నె ముందు ఖాళీ అయింది, ఏది మిగిలింది రాసుకో. రివ్యూల సంగతి, వంటమాస్టర్ సంగతి మీ బావమరిదితో ఇంకెప్పుడూ మాట్లాడొద్దు. రెండు వేలకి నీ దగ్గరికి వచ్చినవాడు మూడు వేలకి ఇంకొకడి దగ్గరికి పోతాడు, పైగా మీ అత్తగారు వండుతున్న షాపుకి మాస్టర్ ఎందుకు?

సేల్స్‌లో_పద్దెనిమిదేళ్ళు:

పైన బాబాయ్ గారు చెప్పిన తూకం మాట చాలా ముఖ్యం, నేను దానికి ముందు అడుగొకటి చెప్తాను. 180 నుంచి 110కి వచ్చింది అంటున్నారు, ఆ 70 ప్యాకెట్ల మనుషులు ఎవరు? హాస్టల్ కుర్రాళ్ళా, అపార్ట్‌మెంట్ కుటుంబాలా? ఆరేళ్ళు కౌంటర్లో నిలబడ్డారు కాబట్టి మొహాలు గుర్తుంటాయి. రాని మొహాలు ఒక కాగితం మీద రాయండి. పోటీవాడిని చదవడం అక్కడ మొదలవ్వాలి, ఎందుకంటే వాడి షాపులో ఉన్నది నిన్నటి మన కస్టమరే.

నేను సబ్బుల కంపెనీల్లో సేల్స్ చేశాను, అందుకని ఆ రంగంలో అందరూ చెప్పుకునే నిర్మా సంగతి చెప్పకుండా ఉండలేను. సర్ఫ్ మన దేశంలో 1959లో వచ్చింది, పట్నాల్లో డబ్బున్న ఇళ్ళలో అదే. 1969లో అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ అని గుజరాత్ ప్రభుత్వ గనుల శాఖలో పనిచేసే ఆయన ఇంటి వెనకాల బట్టల పొడి కలిపి, సైకిల్ మీద ఇల్లిల్లూ తిరిగి అమ్మడం మొదలుపెట్టాడు. కూతురు నిరుపమ పేరు మీద నిర్మా అని పెట్టాడు. సర్ఫ్ కిలో 13 రూపాయల దాకా ఉన్న రోజుల్లో ఈయన మూడున్నరకి అమ్మాడు. సర్ఫ్ తయారుచేసే హిందుస్థాన్ లీవర్ వాళ్ళకి ఇది కనిపించలేదని కాదు, కనిపించినా చాలా ఏళ్ళు పట్టించుకోలేదు. ఆ పసుపు రంగు బట్టల పొడి కొనేవాళ్ళు మా కస్టమర్లు కాదులే అనుకున్నారు. నిజానికి వాళ్ళు సర్ఫ్ మానేసి వచ్చినవాళ్ళు మాత్రమే కాదు, అప్పటిదాకా బార్ సబ్బుతో బండ మీద ఉతుక్కునేవాళ్ళు మొదటిసారి పొడి కొంటున్నారు. అంటే ఒక కొత్త బజారే పుట్టింది, అది పోటీవాడి చేతిలో పుట్టింది. 1980ల మధ్యకి వచ్చేసరికి అమ్మకాల్లో నిర్మా సర్ఫ్‌ని దాటేసింది.

అప్పుడు లీవర్ వాళ్ళు కూర్చుని నిర్మాని చదివారు. నిర్మా ఎదుగుదలని ఆపడానికి లోపల ఒక ప్రాజెక్టే పెట్టారు, దానికి స్టింగ్ అని పేరు. సర్ఫ్ ధర తగ్గించి కొట్లాటకి దిగితే సర్ఫ్ పోతుంది, నిర్మా పోదు అని అర్థమైంది. నిర్మాలో చాకలి సోడా ఎక్కువ, చేతులు మండుతాయని ఇల్లాళ్ళు అనుకునే మాట ఒకటి ఉంది. ఆ మాట పట్టుకుని 1980ల చివర్లో వీల్ తెచ్చారు. ధర నిర్మాకి దగ్గరగా, చేతులకి అంత ఘాటు ఉండదు, తయారీ, పంపిణీ అంతా తక్కువ ఖర్చులో కొత్తగా కట్టుకున్నారు. అది నిలబడింది. ఇందులో నాకు ఎప్పుడూ బాధ కలిగించే భాగం ఆ మధ్యలో పోయిన పదిహేను చిల్లర ఏళ్ళు. అంత పెద్ద కంపెనీ కాబట్టి తట్టుకుంది, మీకు, నాకు అంత కాలం ఉండదు. నాలుగు నెలలకే ఈ ప్రశ్న అడిగారు, చాలా మంచి పని చేశారు.

మా విశాఖ సంగతి ఇంకొకటి. 1974 ఆగస్టు 10న ఈనాడు పుట్టింది ఇక్కడే. అప్పటికి పెద్ద తెలుగు పేపర్లు విజయవాడలో అచ్చయ్యేవి, అవి విశాఖ చేరేసరికి బాగా పొద్దెక్కేది. మా నాన్న చెప్పేవారు, పేపరు అంటే మధ్యాహ్నం భోజనం ముందు చదివేది అని. ఉన్న పేపర్ల కంటే గొప్పగా రాయాలని పోటీ పడటం ఒక దారి, కానీ వాళ్ళు చేరలేని టైముకి, తెల్లారకముందే గుమ్మంలో పేపరు పడేయడం ఇంకో దారి. ఆ రెండో దారి కనిపించాలంటే మిగతావాళ్ళ పేపరు ఏ ఊళ్ళో ఏ టైముకి దిగుతోందో ఎవరో ఒకరు చూసి ఉండాలి కదా. తర్వాత 1989లో జిల్లాకి విడిగా పేజీలు మొదలుపెట్టినప్పుడూ అంతే, ఏ పేపర్లోనూ రాని మండలం వార్త అందులో వచ్చింది.

మీ వీధిలో ఆ తెల్లవారుజాము ఏదో వెతకండి. పక్క షాపువాళ్ళు ఏ టైముకి లేరు, ఏ కూర చేయరు, ఎవరికి పనికిరారు?

మగ్గంవర్క్_కరీంనగర్:

అన్నా, అందరూ చూడమనే చెప్తున్నరు, నేను కొంచెం వేరే మాట చెప్తా. మీరు చూడండి, వద్దనను, కానీ చూసి చూసి వాళ్ళలాగ అయిపోయే ప్రమాదం ఉంది, నాకు జరిగింది కాబట్టి చెప్తున్నా.

నాది బ్లౌజుల మీద మగ్గం వర్క్. ఐదుగురు అమ్మాయిలు చేత్తో కుడతారు. ఎదురుగా ఒకరు కంప్యూటర్ ఎంబ్రాయిడరీ షాపు పెట్టి, మాకు వారం పట్టే డిజైన్‌ని ఒక్క రోజులో ఇస్తామని బోర్డు పెట్టారు, ధర మాదాంట్లో నాలుగో వంతు. నాకు టెన్షన్ మొదలైంది. రోజూ పొద్దున లేవగానే వాళ్ళ ఇన్‌స్టా చూడటం, వాళ్ళు ఏ డిజైన్ పెడితే నేనూ అది పెట్టడం. చివరికి లోన్ తీసుకుని మిషన్ కొన్నాను. ఏమైందంటే మిషన్ పని కావాలనుకున్నవాళ్ళు వాళ్ళ దగ్గరికే పోయారు, వాళ్ళకి నాలుగు మిషన్లు ఉన్నాయి, నాకు ఒకటి. పెళ్ళి బ్లౌజుల కోసం వచ్చే నా పాత కస్టమర్లు మాత్రం, అక్కా నువ్వు కూడా మిషన్ పని మొదలుపెట్టావంట కదా అని వేరేచోట ఇచ్చుకున్నారు. ఒక పెళ్ళిళ్ళ సీజన్ అంతా పోయింది. మిషన్ అమ్మేసి చేతి పనికే వచ్చాక గానీ కుదురుకోలేదు, ఆ లోన్ కిస్తీలు ఇంకా కడుతున్నా.

ఇదే పొరపాటు కోకా కోలా కూడా చేసింది. పెప్సీ వాళ్ళు కళ్ళకి కనపడకుండా రెండు గ్లాసులిచ్చి రుచి చూపించే పోటీలు పెట్టి, జనానికి మాదే నచ్చిందని ఊరంతా చెప్పారు. కోక్ వాళ్ళు భయపడి, తామూ 2 లక్షల మందికి రుచి చూపించి, ఇంకాస్త తియ్యగా కొత్త కోక్ తయారుచేసి 1985 ఏప్రిల్‌లో పాతదాన్ని తీసేశారు. అమెరికాలో జనం ఎంత గొడవ చేశారంటే 79 రోజులకే పాత కోక్ మళ్ళీ తెచ్చారు. ఒక్క గుక్కలో తియ్యటిది బాగుంటుంది, ఇంట్లో సీసా మొత్తం తాగేవాళ్ళ సంగతి వేరు, పైగా చిన్నప్పటి నుంచి అలవాటైన రుచిని తీసేస్తే మనిషికి కోపం రాదా? పెప్సీని అంత బాగా గమనించినవాళ్ళు, పాతది ఇక దొరకదు అంటే మీరేమంటారు అని తమ సొంత కస్టమర్లని సరిగా అడగలేదు.

అందుకే నేను చెప్పేది, పక్క షాపుకి వెళ్ళే ముందు, మీ దగ్గరికి ఇప్పటికీ వస్తున్న ఆ 110 ప్యాకెట్ల వాళ్ళని అడగండి, అక్కడ 30కి దొరుకుతుంటే మీరు ఇంకా ఇక్కడికే ఎందుకు వస్తున్నారు అని. వాళ్ళు చెప్పేది ఏదో దాన్ని మాత్రం ముట్టుకోకండి.

బ్యాచిలర్_రూమ్ నంబర్_ఏడు:

నాది వ్యాపారం కాదు, కొనేవాడిని. కూకట్‌పల్లిలోనే మూడేళ్ళ నుంచి ఉంటున్నాను, మీ షాపో కాదో తెలియదు గానీ మా వీధిలోనూ రెండు కర్రీ పాయింట్లు ఉన్నాయి, నేను రెండింట్లోనూ కొంటాను. ఎప్పుడు ఎక్కడ కొంటానో చెప్తాను, మీకు పనికిరావచ్చు.

ఒక్కడినే తినే రోజు పెద్ద ప్యాకెట్ వద్దు, సగం పారేయాలి. ఫ్రిజ్ లేదు. ఇంకోటి, కొత్త షాపు వాళ్ళు సాయంత్రం ఐదింటికి ఈరోజు కూరలు ఇవీ అని వాట్సాప్ స్టేటస్ పెడతారు, ఆఫీసు బస్సులో ఉండగానే ఏం కొనాలో తేలిపోతుంది. పాత షాపులో అక్కడికి వెళ్ళి అడిగితే గానీ తెలియదు, వెళ్ళేసరికి బీరకాయ అయిపోయింది అంటారు. నాకు షిఫ్ట్ అయ్యేసరికి తొమ్మిదిన్నర. ప్యాకెట్ రబ్బర్ బ్యాండ్ వేసి ఇస్తే బ్యాగులో సాంబారు కారి ల్యాప్‌టాప్ దాకా పోయింది ఒకసారి, ఆ తర్వాత రెండు నెలలు అటు వెళ్ళలేదు. అయితే పప్పు మాత్రం పాత షాపులోనే. కొత్తవాళ్ళ పప్పు పల్చగా ఉంటుంది, ప్రతి కూర మీదా వేలెడు నూనె తేలుతుంది. వరసగా మూడు రోజులు తింటే కడుపులో మంట.

పది రూపాయల తేడా వల్ల మారలేదు నేను. నిజం చెప్తున్నాను.

కర్రీపాయింట్_కూకట్‌పల్లి:

ఐదు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి, చేసి చూసి రాద్దామని ఆగాను. ఒక్కొక్కరికీ విడివిడిగా దండం పెట్టాలి.

మొదటి రోజే వాళ్ళ షాపుకి వెళ్ళాను. పలానా అని చెప్పుకున్నాను. ఆయన కుర్చీ వేయించి కూర్చోమన్నాడు, ప్రకాశం జిల్లా అట, ముందు హోటల్లో పనిచేశాడట. నాలుగు కూరలు కొని ఇంటికొచ్చి కూరగాయల కాటా మీద పెట్టాం. మా ఆవిడ రెండుసార్లు తూచింది నమ్మలేక. వాళ్ళ ప్యాకెట్ 180 గ్రాములు. మాది 250. అంటే వంద గ్రాములకి మా దగ్గర 16 రూపాయలు, వాళ్ళ దగ్గర 16 రూపాయల 60 పైసల పైన పడుతోంది. నాలుగు నెలలు వాళ్ళది చవక, మాది ఖరీదు అనుకుంటూ నిద్ర లేకుండా గడిపాం. వాళ్ళు చవకగా అమ్మడం లేదు, చిన్నగా అమ్ముతున్నారు, ఒంటరిగా ఉండే మనిషికి కావాల్సింది అదే.

రాని మొహాల జాబితా రాస్తే 40 మందికి పైగా తేలారు, ఒకరిద్దరు తప్ప అందరూ హాస్టల్ పిల్లలు, ఒక్కరే రూములో ఉండేవాళ్ళు. కుటుంబాలు దాదాపు ఎవరూ పోలేదు. ఉన్నవాళ్ళని అడిగితే కరీంనగర్ చెల్లెలు చెప్పినట్టే అయింది, నేను అడిగింది ఒకటి వాళ్ళు చెప్పింది ఒకటి. మేము గొప్పగా అనుకునే చికెన్ గురించి ఎవరూ మాట్లాడలేదు. పప్పు, అందులోనూ గోంగూర పప్పు, తోటకూర పప్పు, ఇంట్లో చేసినట్టు ఉంటుంది, నూనె తక్కువ, మా పెద్దవాళ్ళు కూడా తింటారు అన్నారు. షుగర్ ఉన్న ఒక పెద్దాయన అయితే రోజూ ఇక్కడిదే తింటున్నాను బాబూ, మీరు మారిస్తే నాకు ఇబ్బంది అన్నారు. వాళ్ళ షాపులో చూస్తే ఆకుకూర వారానికి ఒక్కసారే ఉంటోంది, ఏరడం, కడగడం మనుషులతో పని కాబట్టి అనుకుంటాను. రాత్రి పదికి వాళ్ళ దగ్గర ఎప్పుడూ మిగిలేది సాంబారు, ముందు అయిపోయేది బెండకాయ వేపుడు, ఆలూ వేపుడు.

మేం మార్చినవి ఎక్కువ లేవు. 150 గ్రాముల చిన్న ప్యాకెట్ 25 రూపాయలకి పెట్టాం, పెద్దది 40కే ఉంచాం. రోజూ ఒక ఆకుకూర పప్పు తప్పనిసరి. ఐదింటికి వాట్సాప్ స్టేటస్, అది మా అమ్మాయి పెడుతోంది. పులుసు, సాంబారుకి మూత గట్టిగా పట్టే డబ్బాలు తెచ్చాం, దానికి ప్యాకెట్‌కి ఇంచుమించు రెండు రూపాయలు ఎక్కువ పడుతోంది, అయినా సరే. తొమ్మిదిన్నర తర్వాత వచ్చేవాళ్ళ కోసం వేపుడు రెండో విడత తొమ్మిదింటికి పొయ్యి ఎక్కిస్తున్నాం, ముందే అంతా ఒకేసారి చేసి మిగుల్చుకోవడం తగ్గింది.

ఇప్పుడు రాత్రికి సగటున పెద్దవి 100, చిన్నవి 60 పోతున్నాయి, 5,500 రూపాయలు. పడిపోయినప్పుడు 4,400, అంతకుముందు 7,200. పాత రోజులు రాలేదు, చిన్న ప్యాకెట్ వల్ల పెద్దవి కొన్ని తగ్గాయి కూడా. కానీ పారబోసేది చాలా తగ్గింది, ఇంట్లో అందరం కాస్త ఊపిరి పీల్చుకున్నాం. నాన్నకి చెప్తే కాసేపు ఏమీ అనలేదు, తర్వాత వాళ్ళ గోంగూర ఎలా ఉంటుంది అని అడిగారు.

బావమరిది రివ్యూల మాట మళ్ళీ ఎత్తలేదు.

మగ్గంవర్క్_కరీంనగర్:

చాలా సంతోషం అన్నా. షుగర్ పెద్దాయన మాట మాత్రం రాసి గోడకి పెట్టుకోండి. ఉప్పు, నూనె తక్కువ అడిగే ఇళ్ళు ఆ అపార్ట్‌మెంట్లలో ఇంకా ఉంటాయి, వాళ్ళు హాస్టల్ పిల్లల్లాగ నాలుగు నెలలకి రూము మారిపోరు.

తెనాలి_కిరాణా:

తమ్ముడూ, మంచి పని చేశావు. అయితే ఒక నెల చూసి ఆపేయొద్దు. ఆయనది మూల షాపు, అద్దె నీకంటే ఎక్కువే ఉంటుంది, వంటమాస్టర్ జీతం ఉంది, నీకు ఇంట్లోవాళ్ళే వండుతారు. కూరగాయలు, నూనె రేటు పెరిగినప్పుడు బోర్డు మీద 30 అలాగే ఉంచాలంటే ఆయన ఎక్కడో తగ్గించాల్సిందే. పరిమాణం తగ్గిస్తాడా, నూనె మారుస్తాడా, కూరల సంఖ్య తగ్గిస్తాడా అన్నది ముందే పట్టుకుంటే నీకు నెల రోజులు టైము దొరుకుతుంది. ఆయన కూడా నీ చిన్న ప్యాకెట్ ఈపాటికి చూసే ఉంటాడు, ఆయనా ఏదో చేస్తాడు. నెలకి ఒక్కసారైనా వెళ్ళి కొని, తూచి, తేదీ వేసి రాసుకో.

కర్రీపాయింట్_కూకట్‌పల్లి:

అలాగే బాబాయ్. గ్యాస్ బిల్లులు పెట్టుకునే పుస్తకంలోనే వెనక పేజీలు దీనికి కేటాయించాను. నిన్న రాత్రే ఒక బెండకాయ వేపుడు తెచ్చి తూచాం. బోర్డు మీద 30 రూపాయలే ఉంది, కాటా మీద 165 గ్రాములు వచ్చింది.